దీపా ధన్‌రాజ్ లాగా డాక్యుమెంటరీలు తీస్తూ బతకడం ఎలా? ఆమె పని తెలిసినవాళ్లు చెప్పండి

మట్టిగాజులు | సోమవారం, రాత్రి 9:10

అందరికీ నమస్తే. మాస్ కమ్యూనికేషన్ పీజీ చేస్తున్నాను. మాది నల్గొండ దగ్గర పల్లెటూరు. క్లాసులో మా మేడమ్ ‘ఇది కథ మాత్రమేనా’ అని 1983 నాటి తెలుగు సినిమా వేశారు. 25 నిమిషాలే. పెళ్లయిన ఒకమ్మాయి ఇంట్లో పడే హింస గురించి. అయిపోయాక క్లాసులో చాలాసేపు ఎవరూ నోరు విప్పలేదు, తర్వాత మొదలైన మాటలు బస్సులో కూడా ఆగలేదు. తీసింది దీపా ధన్‌రాజ్ అని, ఆమె హైదరాబాద్‌లో పుట్టారని అప్పుడే తెలిసింది. తెలుగులో ఆమె గురించి వెతికితే దొరికింది చాలా తక్కువ.

నాకూ డాక్యుమెంటరీలే తీయాలని ఉంది. ఇంట్లో మాత్రం “అదొక ఉద్యోగమా, జీతం ఎవరిస్తారు” అంటున్నారు. ఆమె ఎక్కడ మొదలుపెట్టారు, నలభై ఏళ్లు ఎలా నిలబడ్డారు, మన దగ్గర ఇంకా ఏమేం తీశారు? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

రీలుపెట్టె | సోమవారం, రాత్రి 10:25

అమ్మా, మంచి ప్రశ్న అడిగావు. ఫిల్మ్ సొసైటీల్లో 16 ఎంఎం ప్రొజెక్టర్ తిప్పిన తరం నాది. తెలిసినంత చెప్తాను, కొంచెం పెద్దగానే వస్తుంది.

ఆమె ఒంటరిగా మొదలుపెట్టలేదు. నువ్వు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఎమర్జెన్సీ ముగిశాక దేశమంతా మహిళా సంఘాలు పుట్టుకొస్తున్న రోజులవి. 1978లో హైదరాబాద్‌లో రమీజాబీ కేసు ఊరిని కుదిపేసింది. పోలీస్ స్టేషన్‌లో జరిగిన అత్యాచారం మీద జనం రోడ్ల మీదికొచ్చారు. ఆ కాలంలోనే ఇక్కడ స్త్రీశక్తి సంఘటన అనే మహిళా సంఘం ఏర్పడింది. 1980లో బెంగళూరులో దీపా ధన్‌రాజ్, ఆభా భైయా, మీరా రావు, కెమెరామన్ నవ్రోజ్ కాంట్రాక్టర్ కలిసి ‘యుగాంతర్’ అనే బృందం పెట్టారు. మన దేశంలో స్త్రీవాద సినిమా బృందాల్లో మొదటిదిగా దాన్నే చెప్తారు.

మూడు నాలుగేళ్లలో నాలుగు సినిమాలు తీశారు. పుణె ఇళ్లలో పాచిపని చేసే ఆడవాళ్లు సంఘం కట్టుకోవడం మీద ‘మోల్కరీణ్’ (1981). నిపాణి పొగాకు ఫ్యాక్టరీల కార్మికురాళ్ల మీద ‘తంబాకూ చాకీలా ఊబ్ ఆలీ’ (1982). నువ్వు చూసిన తెలుగు సినిమా 1983లో. చెట్లు కొట్టేయకుండా అడ్డుకున్న చిప్కో ఉద్యమంలో పనిచేసిన ఒక పల్లెటూరి మహిళ మీద ‘సుదేశా’ కూడా ఆ ఏడాదే.

నిపాణి సినిమా సంగతి కాస్త ఎక్కువ చెప్పాలి. నిపాణి కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులో బెళగావి జిల్లా ఊరు. వీళ్లు అక్కడ నెలల తరబడి కార్మికురాళ్ల మధ్యే ఉన్నారు. ఏం తీయాలి, ఏ మాట ఉండాలి అన్నది వాళ్లతో కూర్చునే తేల్చుకున్నారు. సమ్మె అప్పటికే జరిగిపోయింది. దాన్ని ఆ ఆడవాళ్లే కెమెరా ముందు మళ్లీ చేసి చూపించారు. తమ పోరాటాన్ని తామే మరోసారి నడిపినట్టు నడిపారు. అప్పట్లో థియేటర్లో సినిమాకు ముందు ప్రభుత్వ ఫిల్మ్స్ డివిజన్ వాళ్ల న్యూస్‌రీల్ తప్పనిసరిగా వేసేవారు. ఆనకట్టలు, మంత్రులు, పైనుంచి ఒక గంభీరమైన గొంతు. డాక్యుమెంటరీ అంటే అదేననుకునే రోజుల్లో పొగాకు దుమ్ములో పనిచేసే మనిషి తన యూనియన్ గురించి తన నోటితోనే చెప్పడం ఎంత కొత్తో ఊహించుకో.

‘ఇది కథ మాత్రమేనా’కు కథ రాసిచ్చిన రచయిత అంటూ వేరే లేరు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు తమలో తాము మాట్లాడుకున్న విషయాల నుంచే స్క్రిప్టు పుట్టింది. నటించినవాళ్లూ వృత్తి నటులు కారు. ఇంట్లో మొగుడు కొట్టడం నేరమని చెప్పిన ఐపీసీ 498ఎ సెక్షన్ చట్టంలోకి వచ్చింది 1983 డిసెంబర్‌లో. దాని గురించి బయట నలుగురిలో మాట్లాడటమే తప్పనుకునే కాలంలో తీసిన సినిమా అది.

చార్మినార్ గల్లీ | సోమవారం, రాత్రి 11:02

రీలుపెట్టె అన్నా, పాతబస్తీ సినిమా వదిలేశారేంటి? నేను చెప్తాను.

‘క్యా హువా ఇస్ షహర్ కో’, 1986. గంటన్నర పైనే ఉంటుంది. 1984 హైదరాబాద్ మతకలహాల మీద తీశారు. ఆ ఏడాది ఆగస్టు 16న గవర్నర్ రామ్‌లాల్ ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును కూర్చోబెట్టాడు. సరిగ్గా నెలకు, సెప్టెంబర్ 16న ఎన్టీఆర్ మళ్లీ వచ్చారు. మన పెద్దవాళ్లకు ఆ నెల అంటే ఎమ్మెల్యేల క్యాంపులు, ప్రజాస్వామ్య పునరుద్ధరణ గుర్తొస్తాయి. మా ఇంట్లో మాత్రం కర్ఫ్యూ గుర్తొస్తుంది. మా నాన్న రోజు కూలీ. కర్ఫ్యూ పెడితే ఆ రోజు పొయ్యి వెలగదు.

హైదరాబాద్ ఏక్తా అనే సంస్థతో కలిసి తీశారు దాన్ని. నినాదాలు, ఊరేగింపులు, నాయకుల ప్రసంగాలు, ఆ తర్వాత ఇల్లూ మనుషులూ పోయినవాళ్ల మాటలు, అన్నీ పక్కపక్కనే పెట్టారు. గొడవ తనంతట తాను రాదు, దాని వెనుక ఓట్ల లెక్కలుంటాయి, దశాబ్దాల చరిత్ర ఉంటుంది అని ఓపిగ్గా విప్పి చెప్తుంది. ఇప్పుడు టీవీలో ఇలాంటి వార్త వస్తే అరగంట అరుపులే కదా. ఇందులో అరిచే గొంతు ఒక్కటీ వ్యాఖ్యాతది కాదు.

మా గల్లీలో పిల్లలకు ఆ సినిమా ఉందనే తెలియదు. బెర్లిన్‌లో ఆర్సెనల్ అనే సంస్థ దాన్ని బాగుచేసి 2013లో బెర్లిన్ చిత్రోత్సవంలో వేసింది. మన నగరం కథ అక్కడ భద్రంగా ఉండటం సంతోషమే. కానీ ఇక్కడ స్కూళ్లలో, కాలేజీల్లో ఎందుకు వేయరు? నాకు నిజంగా బాధగా ఉంది.

ఎడిటింగ్ టేబుల్ | మంగళవారం, ఉదయం 7:35

మట్టిగాజులు గారూ, డబ్బు సంగతి ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. హైదరాబాద్‌లో ఎడిటర్‌గా పనిచేస్తున్నాను. వారంలో ఎక్కువ రోజులు కార్పొరేట్ వీడియోలు, మిగిలిన టైమ్‌లో డాక్యుమెంటరీలు.

ఉద్యమాలతో కలిసి తీసే సినిమాకు లాభం రాదు. దీన్ని మొదటి రోజే ఒప్పుకోవాలి. దీపా గారి కెరీర్ చూస్తే రెండు రకాల పని కనిపిస్తుంది. ఒకటి ఇలాంటి సినిమాలు. రెండోది విద్య, ఆరోగ్యం మీద తీసిన సిరీస్‌లు. రెండోదాన్ని చిన్నచూపు చూడొద్దు. చేతికి పని అలవాటయ్యేది, పల్లెల్లో మనుషులతో పరిచయాలు పెరిగేది అలాంటి వాటిలోనే.

కుటుంబ నియంత్రణ కార్యక్రమం మీద తీసిన ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’ (1991)కు బ్రిటన్ టీవీ సంస్థ ఛానల్ 4 డబ్బు పెట్టింది. 52 నిమిషాలు, అంటే టీవీ గంట స్లాట్‌కు సరిపడేంత. ఆ రోజుల్లో మన దూరదర్శన్ ఇలాంటి సబ్జెక్ట్‌ను దగ్గరికి రానిచ్చేది కాదు. డాక్యుమెంటరీ దర్శకుడు ఆనంద్ పట్వర్ధన్ తన సినిమాలు దూరదర్శన్‌లో రావడానికి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. బయటి డబ్బు తీసుకుంటే ఒక చిక్కుంది. నిడివి, టైటిల్, ఎవరికి అర్థం కావాలి అనేవి కొంత వాళ్ల చేతిలోకి పోతాయి. అయినా ఆ సినిమా మన ఆడవాళ్ల పక్షానే నిలబడింది చూడండి, అది ఆమె గట్టితనం.

మీ ఇంట్లో చెప్పండి: ఎడిటింగో, సౌండో, కెమెరానో ఒక పని గట్టిగా నేర్చుకుంటే జీతం వస్తుంది. డైరెక్షన్ దాని పక్కన నడుస్తుంది.

సబ్‌సెంటర్ అక్క | మంగళవారం, మధ్యాహ్నం 2:15

నేను రిటైరైన ఏఎన్ఎంని. మా అమ్మాయి ఈ చర్చ చూపించి ఆ కుటుంబ నియంత్రణ సినిమా పెట్టింది. నిన్న రాత్రి చూశాను. అందుకే రాస్తున్నాను.

అందులో ఆడవాళ్లు గుండ్రంగా కూర్చుని ఆడమనిషి శరీరం బొమ్మ గీస్తారు. నెలసరి, కోరిక, కాన్పు అన్నీ సిగ్గుపడకుండా మాట్లాడుకుంటారు. ఆ తర్వాత కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల క్యాంపు వస్తుంది. లాప్రోస్కోపీ (చిన్న గాటుతో చేసే ఆపరేషన్) డాక్టర్ ఒకాయన తాను ఎన్ని ఆపరేషన్లు చేశాడో, ఎంత తొందరగా చేస్తాడో గర్వంగా చెప్పుకుంటాడు. ఇటు నుంచి ఒకరిని దించుతుంటే అటు నుంచి ఇంకొకరు. నేను అలాంటి క్యాంపుల్లో పనిచేసినదాన్ని. బల్ల మీద పడుకున్న ఆడమనిషి చెయ్యి పట్టుకుని “అయిపోయిందమ్మా, అయిపోయింది” అనడమే నా డ్యూటీ. ఆమె ముఖం వైపు చూసే టైమ్ డాక్టర్‌కు లేదు.

కానీ ఒక మాట చెప్పాలి. “కేసులు తేవాలి, మార్చిలోపు టార్గెట్ అయిపోవాలి” అని మా మీద పడే ఒత్తిడి బయటివాళ్లకు తెలియదు. కేసులు తక్కువైతే జీతం ఆపుతామని మీటింగ్‌లో అందరి ముందూ నిలబెట్టి తిట్టేవారు. 1996లో టార్గెట్లు తీసేశామన్నారు. కాగితం మీద తీసేశారు. ఎమర్జెన్సీలో మగవాళ్లను ఆపరేషన్లకు బలవంతంగా పట్టుకెళ్లినందుకు ప్రభుత్వమే పడిపోయింది, ఆ తర్వాత భారమంతా ఆడవాళ్ల మీదికి నెట్టేశారు. ఆ డాక్టర్‌నో నర్సునో తిట్టుకుని వదిలేస్తే అసలు ఆర్డర్లు ఇచ్చినవాళ్లు తప్పించుకుంటారు.

రీలుపెట్టె | మంగళవారం, సాయంత్రం 6:40

అక్కా, మీరు రాయడం ఈ చర్చకే బలం. మీరన్న ఆ పైవాళ్ల దగ్గరికి కూడా సినిమా వెళ్తుంది కదా. జనాభా తగ్గించాలని విదేశాల నుంచి వచ్చిన ఒత్తిడి, ప్రభుత్వ లెక్కలు, నార్‌ప్లాంట్ లాంటి గర్భనిరోధకాల ప్రయోగాలు, అన్నిటినీ కలిపి చూపించడం వల్లే అది ఒక డాక్టర్ మీద సినిమాగా మిగిలిపోలేదు.

దీనికి మన ఊరి సంబంధం కూడా ఉంది. 1985లో పటాన్‌చెరు పీహెచ్‌సీలో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజెక్షన్ ప్రయోగం మొదలైంది. వచ్చిన ఆడవాళ్లకు అది ప్రయోగమని సరిగా చెప్పలేదు. స్త్రీశక్తి సంఘటన వాళ్లు వెళ్లి నిలదీశారు. తర్వాతి ఏడాది ఢిల్లీలోని సహేలీ అనే మహిళా సంఘం, మరికొందరితో కలిసి సుప్రీంకోర్టుకు వెళ్లారు. అంటే 1983లో దీపా గారితో సినిమా చేసిన సంఘమే మూడేళ్లకు కోర్టులో ఈ పోరాటం చేసింది. 1991 సినిమా ఆ నేల మీద మొలిచిందే. మట్టిగాజులూ, ఆమెకు సబ్జెక్టులు ఎక్కడ దొరికాయో ఇప్పుడు అర్థమైందా? పోరాడేవాళ్లతో ఏళ్ల తరబడి కలిసి తిరిగారు. సినిమాలు అక్కడి నుంచే వచ్చాయి.

సబ్‌సెంటర్ అక్క | మంగళవారం, రాత్రి 8:05

పాత సంగతులే అనుకోవద్దు. 2022 ఆగస్టులో ఇబ్రహీంపట్నంలో ఒకే రోజు 34 మందికి డీపీఎల్ (లాప్రోస్కోపీతో చేసే కుటుంబ నియంత్రణ) ఆపరేషన్లు చేస్తే నలుగురు చనిపోయారు. అందరూ చిన్న వయసు తల్లులు. క్యాంపులు మూడేళ్లలో ఆపేయాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సహించలేదు. ఈ సినిమా ప్రతి నర్సింగ్ కాలేజీలో వేయాలి.

డాలస్ తమ్ముడు | మంగళవారం, రాత్రి 11:50

అన్నీ చదివాను, గౌరవంగానే ఒక సందేహం. ఉద్యమాలతో కలిసి తీస్తే అది వాళ్ల పక్షమే అవుతుంది కదా? అవతలి వైపు వినకుండా తీస్తే డాక్యుమెంటరీ అనొచ్చా?

ఎడిటింగ్ టేబుల్ | బుధవారం, ఉదయం 8:20

తమ్ముడూ, ఆ డాక్టర్ మాట్లాడుతున్నాడు కదా? తన గొప్ప తానే చెప్పుకుంటున్నాడు. పాతబస్తీ సినిమాలో రెండు పక్షాల నాయకులూ మాట్లాడతారు. వినకపోవడం వేరు, విన్నాక ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకోవడం వేరు. ఆమె రెండోది చేశారు.

‘ఇన్వోకింగ్ జస్టిస్’ (2011) చూడండి. తమిళనాడులో ముస్లిం ఆడవాళ్లు పుదుక్కోట్టై కేంద్రంగా సొంత జమాత్ (గొడవలు విని తీర్పు చెప్పే సభ) పెట్టుకున్నారు. అంతకుముందు విడాకులైనా, కట్నం గొడవైనా మగవాళ్ల జమాత్‌లోనే తీర్పు, అక్కడ ఆడవాళ్లకు ప్రవేశమే లేదు. వీళ్లు ఫిర్యాదులు తీసుకుంటారు, మొగుడి తరఫు వాళ్లతో మాట్లాడతారు, పోలీస్ స్టేషన్‌కు వెళ్తారు. మతాన్ని వదిలేయమని ఎవరూ అనరు. ఆ మతం లోపలే నిలబడి తమ హక్కు అడుగుతారు. బయటి నుంచి వెళ్లి “పాపం ముస్లిం స్త్రీలు” అని తీసే సినిమా కాదది. రాజకీయంగా ఎవరికి వాళ్లు వాడేసుకోవడానికి కాచుకుని ఉన్న సబ్జెక్ట్‌ను ఎవరి చేతికీ చిక్కకుండా తీయడం ఎంత కష్టమో ఎడిటింగ్ చేసేవాడికి తెలుస్తుంది.

అలాగే ‘ది అడ్వొకేట్’ (2007). మన పౌరహక్కుల లాయర్ కన్నబిరాన్ గారి మీద. ఎమర్జెన్సీ కేసులు, కుట్ర కేసులు, ఎన్‌కౌంటర్ల మీద ఆయన చేసిన న్యాయపోరాటం. ఆయన 2010 డిసెంబర్‌లో పోయారు. ఆయన గొంతు, వాదించే తీరు కొత్త తరం లాయర్లకు దొరుకుతున్నాయంటే ఆ సినిమా వల్ల కూడా.

సౌత్ క్యాంపస్ | బుధవారం, మధ్యాహ్నం 1:30

2016లో నేను హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో చదువుతున్నాను. ‘వి హ్యావ్ నాట్ కమ్ హియర్ టు డై’ (2018) గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను.

మా క్యాంపస్‌లో పీహెచ్‌డీ చేస్తున్న రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకున్నాడు. దానికి ముందు అతనితో కలిపి ఐదుగురు విద్యార్థులను హాస్టల్ నుంచి గెంటేస్తే, క్యాంపస్ మధ్యలో ఫ్లెక్సీలు కట్టి ‘వెలివాడ’ పెట్టుకుని చలిలో అక్కడే పడుకున్నారు. అంబేద్కర్, ఫూలేల బొమ్మలున్న ఫ్లెక్సీలు. ఆ తర్వాత దేశమంతా వచ్చింది. కెమెరాలూ వచ్చాయి. చాలామంది ఒక బైట్ తీసుకుని సాయంత్రం ఫ్లైట్‌కు వెళ్లిపోయారు. అందుకే మాలో చాలామందికి కెమెరా అంటే నమ్మకం పోయింది. మా కథ మేమే చెప్పుకోవాలి అనేది ఇప్పటికీ నా మాట.

కానీ ఈ సినిమా విషయంలో ఒకటి ఒప్పుకోవాలి. ఇందులో రోహిత్ ఒక్కడే లేడు. ఆ చావు తర్వాత లేచిన వాళ్లున్నారు. మాట్లాడుతూ, వాదిస్తూ, ఊరేగింపుల్లో నడుస్తూ. దళిత విద్యార్థిని ఏడుపుగా మాత్రమే చూపించే అలవాటు మీడియాది. ఇక్కడ ఆలోచించే మనిషిగా, రాజకీయం తెలిసిన మనిషిగా చూపించారు. అది తేడా.

అయినా నా ప్రశ్న నాకుంది. కెమెరా ముందు మాట్లాడిన పిల్లల మీద కేసులుంటే, ఆ సినిమా పదేళ్ల తర్వాత వాళ్లను ఏం చేస్తుంది? మట్టిగాజులు, నువ్వు తీసేటప్పుడు ఇది ముందే ఆలోచించు.

రీలుపెట్టె | బుధవారం, సాయంత్రం 7:10

సౌత్ క్యాంపస్ తమ్ముడూ, నీ ప్రశ్న పక్కన పెట్టాల్సింది కాదు. ఇలాంటి సినిమా తీసేవాళ్లంతా తలపట్టుకునేది ఇక్కడే. దీనికి నాకు తెలిసిన మందు ఒక్కటే, మొదటి కట్ అయ్యాక దాన్ని అందులో ఉన్నవాళ్లకే ముందు చూపించడం. వద్దన్నది తీసేయడం, ఎంత మంచి షాట్ అయినా సరే. యుగాంతర్ రోజుల్లో ఏది ఉండాలో వాళ్లతో కలిసి నిర్ణయించుకున్నారంటే ఈ బాధ్యత మొదటి నుంచీ ఉన్నట్టే.

ఇంకొకటి, నవ్రోజ్ కాంట్రాక్టర్ గురించి. హిందీ దర్శకుడు మణి కౌల్ తీసిన ‘దువిధా’ (1973)కు కెమెరా చేసిన మనిషి. అంత పేరున్నవాడు చేతిలో కెమెరాతో పాతబస్తీలో, ఫ్యాక్టరీ దుమ్ములో తిరిగాడు. దీపా గారి సినిమాల్లో మనుషుల ముఖాలు అంత దగ్గరగా, అంత గౌరవంగా కనిపిస్తాయంటే సగం ఆయన చలవే. 2023 జూన్‌లో హోసూరు దగ్గర బైక్ ప్రమాదంలో పోయారు. అదే ఏడాది కేరళ డాక్యుమెంటరీ ఉత్సవంలో దీపా గారికి జీవిత సాఫల్య పురస్కారం ఇచ్చారు.

మట్టిగాజులు | బుధవారం, రాత్రి 9:45

అందరికీ చాలా థ్యాంక్స్. సబ్‌సెంటర్ అక్క గారూ, మీ పోస్ట్ మా అమ్మకు చదివి వినిపించాను. అమ్మ కూడా క్యాంపులోనే ఆపరేషన్ చేయించుకుంది, నాకిప్పటిదాకా చెప్పలేదు. మీకు అభ్యంతరం లేకపోతే మీతో ఫోన్‌లో మాట్లాడాలని ఉంది. కెమెరా లేకుండానే, ముందు వినడానికి.

కాలేజీలో ఈ సినిమాలు వేయాలంటే అనుమతులు కావాలా? ఎక్కడ దొరుకుతాయి?

ఎడిటింగ్ టేబుల్ | బుధవారం, రాత్రి 10:30

యుగాంతర్ నాలుగు సినిమాలకూ ఆ పేరుతోనే వెబ్‌సైట్ ఉంది, సబ్‌టైటిల్స్‌తో చూడొచ్చు. ‘సమ్‌థింగ్ లైక్ ఎ వార్’, ‘ఇన్వోకింగ్ జస్టిస్’ పంపిణీ న్యూయార్క్‌లోని విమెన్ మేక్ మూవీస్ చూసుకుంటుంది. మీ లైబ్రరీ చేత మెయిల్ పెట్టించండి. టికెట్ పెట్టి బయట జనానికి వేస్తే 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సెన్సార్ సర్టిఫికెట్ అడుగుతారు. క్లాసులో పాఠంలో భాగంగా వేసుకోవడం తేలిక. మీ హెచ్‌ఓడీకి ముందే రాతపూర్వకంగా చెప్పి ఉంచండి, ఆఖరి నిమిషంలో హాల్ తాళం దొరకలేదని చెప్పే కాలేజీలు నేను చూశాను.

ఒక పని సలహా కూడా. మీరు తీసేది ఏదైనా రెండు హార్డ్‌డిస్కుల్లో, రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి. యుగాంతర్ సినిమాలు డిజిటల్‌గా మళ్లీ మన ముందుకు రావడానికి మూడు దశాబ్దాలు దాటింది, అదీ ప్రింట్లు దాచినవాళ్లు ఉండబట్టి.

చార్మినార్ గల్లీ | బుధవారం, రాత్రి 11:15

మట్టిగాజులు చెల్లీ, మా బస్తీలో లైబ్రరీ నడుపుతున్న దోస్తులున్నారు. ‘క్యా హువా’ అక్కడ వేయడానికి దీపా గారి బృందానికి రాద్దామనుకుంటున్నా. ఉత్తరం నేను ఉర్దూలో రాస్తా, నువ్వు ఇంగ్లిష్‌లో పెట్టగలవా? సినిమా అయ్యాక మాట్లాడుకోవడానికి గంటైనా ఉండాలి, 1984 చూసిన పెద్దవాళ్లను ముందు వరుసలో కూర్చోబెడదాం. సౌత్ క్యాంపస్ అన్నా, మీరూ రావాలి.

సబ్‌సెంటర్ అక్క | గురువారం, ఉదయం 6:50

ఫోన్ చెయ్యమ్మా. నాకు తెలిసిన ఇంకో ఇద్దరు ఏఎన్ఎంలు కూడా మాట్లాడతామన్నారు. పేర్లు మాత్రం బయట పెట్టొద్దు, పెన్షన్ మీద బతుకుతున్నవాళ్లం. ఆదివారం మధ్యాహ్నం అయితే అందరికీ ఖాళీ.